తొడిమ తీసినంత

ఎడమ కిడ్నీ అడుగు గూట్లో
తెల్లగా కూచునుంది స్కానింగు కాగితం మీద.
ఇరవై మూడు మిల్లీమీటర్లంట.
చింతగింజంత ఉంటదా అన్నాను.
"ఇంకా పెద్దదే దీవెనమ్మా" అంది డాక్టరు హిమబిందు.

కొత్తపేటలో మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.
మెట్టుకో దేవుణ్ణి పిలుచుకుంటా
నడుం పట్టుకుని ఎక్కొచ్చానా,
ఆమె తెల్లకాగితం మీద చిక్కుడుగింజ గీసి
దానికి దారులు గియ్యడం మొదలెట్టింది.

బయటినించి కొట్టేది ఒకటి.
కత్తి లేదు, కుట్టు లేదు.
తోలు చీలకుండా దెబ్బ మీద దెబ్బ
లోపలున్న రాయికి తగులుద్ది.
సాయంత్రానికి ఇంటికెళ్లొచ్చు.
"ముక్కల్ని మాత్రం నువ్వే పొయ్యాలి.
నీది అడుగు గూడు. అవి పైకెక్కి దిగాలి గదా."
మా ఆడపడుచు చంద్రలీలకి చేసిందదే.
నెల్లాళ్లు టీ వడపోసే జాలీలో ఒంటేలు పట్టి
ఇసక రేణువులు ఏరుకుంది,
చీటీపాట బాకీ వసూలు చేసుకున్నట్టు.
సగమే వచ్చినయ్.

ఇంకోటి, ఒంటేలు వచ్చే దారినే ఎదురెళ్లేది.
సన్నటి గొట్టం, దాని కొసన మిణుగురంత దీపం,
వెంట్రుకంత లేజరు.
మెలికలు తిరుక్కుంటా పైదాకా పోయి
రాయిని పిండి చేసుద్ది.
కారం మిల్లు లాగానా? అంటే నవ్వింది.
ఒంటి మీద గీత కూడా పడదంట.
కాకపోతే లోపల ఓ ప్లాస్టిక్కు గొట్టం వదిలేస్తారు,
రెండు వారాలు, వంగినప్పుడల్లా గుర్తుచేసుద్ది.
నా రాయి సైజుకి రెండు విడతలు పట్టొచ్చు.
రెండు విడతలంటే రెండు ఖర్చులు,
రెండుసార్లు పనికి నాగా.

ఆఖరిది వీపులోంచి.
పెన్సిలంత బెజ్జం,
రాయి కూచున్న గదికి నేరుగా తలుపు.
రక్తం పోయే భయం కాస్త ఎక్కువ.
రెండు మూడు రాత్రుళ్లు మంచం.
"కానీ ఒక్కసారికే ఊడ్చేస్తాం, చాలావరకు."
ఆ "చాలావరకు" అన్న మాట దాచకుండా చెప్పింది.

మా నాయనకి ఆ రోజుల్లో
పక్కటెముక కింద జానెడు కోశారు.
ఆ మచ్చ తడుముకుని
రేపు వానొస్తదనేవాడు. వచ్చేది.

నా పనేందంటే,
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
తేజ కాయలకి తొడిమలు తీస్తా.
కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు,
గోటికొసన చిటుక్కుమనాలి, అంతే.
చిట్లితే రేటు పడుద్ది.
అందుకని నేను కాగితం మీద దారులు చూడలా,
ఆమె వేళ్లు చూశాను.
తొందరలేని వేళ్లు.
వీపులోంచే తీయండమ్మా అన్నాను.

అప్పుడడిగింది,
"రోజుకెన్ని నీళ్లు తాగుతావు?"
పొద్దున చెంబెడు. రాత్రి ఇంటికొచ్చాక చెంబెడు.
"మధ్యలో?"
మధ్యలో తాగితే పోవాలి గదా.
రెండొందలమంది ఆడాళ్లం,
ఉన్నదల్లా లారీల చాటు.
అక్కడికి పోయినా
ఈ చేతుల్తో చీర సర్దుకోవాలంటే
కారం ఎక్కడెక్కడ అంటుకుంటదో
మీకు చెప్పలేనమ్మా.

ఆమె పెన్ను ఆగిపోయింది.
చిక్కుడుగింజ బొమ్మలో
దానికి దారి గియ్యడానికి చోటు లేదు.

ఇరవై రోజులకి షెడ్డుకి పోయాను.
మేస్త్రి బాజీ కాటా మీద
చిన్న ప్లాస్టిక్కు సీసా పెట్టాను.
లోపల నాలుగు ముక్కలు, ఇటికపొడి రంగు.
అంకె కదల్లా.
"ఏందిది?" అన్నాడు.
నీ షెడ్డులో పండింది, రేటు కట్టు, అన్నాను.
నవ్వబోయాడు.
నా వెనక చిటుక్కు చిటుక్కులు
ఒక్కోటే ఆగిపోతా వచ్చినయ్.
పక్కవరసలో మరియంబీ
నడుం మీద చెయ్యేసుకుని లేచి నిలబడింది.

మొన్న షెడ్డు వెనక ఇటికలు దింపారు.
దేనికో ఎవరూ చెప్పలా.
నేనైతే చెంబు
పక్కనే పెట్టుకుని కూచుంటన్నా.